చేయి దాటిన పనికీ చెత్తకూ జవాబుదారీ: కడప వాసులకు ఒక సమగ్ర మార్గదర్శి

కడపలో చెత్తబండి ఉదయాన్నే వీధిలోకి వస్తుంది. ఆఫీసు పదిన్నరకు మొదలవుతుంది. ఈ రెండింటినీ ఒకే వ్యాసంలో కలపడం కొందరికి వింతగా తోచవచ్చు. కానీ ఆగిపోయిన ఫైలు సంగతి అడిగితే మనం ఇచ్చే జవాబునూ, ఇంటి చెత్త ఏమైందని అడిగితే ఇచ్చే జవాబునూ పక్కపక్కన పెట్టి చూడండి. "నా దగ్గర లేదండీ, ఎప్పుడో పైకి పంపేశాను" అనేది మొదటిది. "పొద్దున్నే బండిలో వేసేశాం కదా" అనేది రెండోది. రెండింటిలోనూ అబద్ధం లేదు. అయినా సగం కాగితాలతో వెళ్లిన ఫైలు నాలుగు రోజులకు తిరిగి వస్తుంది, అన్నం మెతుకులూ పాల కవర్లూ కలిసిపోయిన సంచి ఎవరికీ పనికిరాకుండా దిబ్బకు చేరుతుంది. మన చేతి నుంచి వెళ్లినది, అందుకున్న మనిషి వెంటనే పని సాగించగలిగే స్థితిలో వెళ్లిందా లేదా అన్నదే బాధ్యతకు కొలత అని ఈ వ్యాసం ఉద్దేశం. ఆ కొలతకు సరిపోయేలా ఆఫీసు పనినీ, ఇంటి చెత్తనూ ఎలా నడుపుకోవాలో కింద అంచెలంచెలుగా వివరించడం జరిగింది.

మొదటి అడుగు: వారం రోజుల లెక్క

ఏ అలవాటునూ మార్చకుండా ముందు ఒక వారం ఊరికే గమనించాలి. సోమవారం మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరిగి అర్జీలు దిగేదీ ఆ రోజే, ఆదివారం వంట తాలూకు చెత్త ఇంట్లోంచి బయటపడేదీ ఆ రోజే.

ఆఫీసు లెక్కకు జేబులో పట్టే నోటుపుస్తకం చాలు. అందులో చేసిన పనులను రాయనక్కరలేదు. వాటిని ఎన్ని పేజీలు రాసినా మనసుకు తృప్తి కలుగుతుందే తప్ప పని మెరుగుపడదు. మన నుంచి వెళ్లి తిరిగొచ్చినవి, గడువు దాటినవి, ఎవరో ఒకరు ఫోను చేసి గుర్తుచేస్తే తప్ప కదలనివి, ఈ మూడు రకాలనే రాయాలి. ఒక్కొక్కదాని పక్కన కారణం ఒకే వాక్యంలో ఉండాలి, ఆ వాక్యంలో "నేను" అన్న మాట ఉండి తీరాలి. "సర్వేయరు నివేదిక రాలేదు" అని రాస్తే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. "సర్వేయరుకు నేను రెండోసారి రాయలేదు" అని రాస్తే రేపు చేయవలసిన పని ఏమిటో తెలిసిపోతుంది. ఎంత ఆలోచించినా "నేను" పెట్టి రాయలేని కారణాలు కొన్ని మిగులుతాయి. వాటిని బలవంతంగా మన మీద వేసుకోకుండా అక్కడ ఖాళీ వదిలేయాలి. ఆ ఖాళీల అవసరం తరువాత వస్తుంది.

ఇంటి లెక్కకు వేలాడదీసే చిన్న కాటా ఒకటి ఉంటే, బండికి ఇచ్చే ముందు సంచిని రోజూ తూచి గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాయవచ్చు. మన దేశంలోని పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుంచి 600 గ్రాముల దాకా చెత్త వస్తుందని లెక్క. అంటే నలుగురున్న ఇంట్లో కిలో నుంచి రెండు కిలోలు తూగితే ఆశ్చర్యపడనక్కరలేదు. వారంలో ఒక్కరోజైనా సంచిని పాత పేపరు మీద గుమ్మరించి చూడాలి. అది అసహ్యంగా ఉంటుంది, నిజమే. కానీ ప్రతిరోజూ ఆ పనే చేస్తున్న మనిషి ఒకరు మన సంచి కోసం ఎదురుచూస్తున్నారని తెలియడానికి ఇంతకన్నా సులువైన దారి లేదు. కరివేపాకు రెబ్బలు, చింతపండు పిప్పి, ఎర్రగడ్డల పొరలు, మిగిలిన సంగటి, పండ్ల తొక్కలు ఇవన్నీ ఒక పక్కకు చేరిస్తే బరువులో సగం అటూఇటుగా వంటింటిదేనని తేలుతుంది.

రెండో అడుగు: పుట్టినచోటే వేరుచేయడం

కలిసిపోయిన తరువాత వేరుచేయడం కన్నా కలవకుండా చూసుకోవడం తేలిక. ఈ సంగతి మన కార్యాలయాలకు ఎప్పటి నుంచో తెలుసు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచి వస్తున్న జిల్లా కార్యాలయ పద్ధతిలో ప్రతి గుమాస్తాకూ ఒక పర్సనల్ రిజిస్టరు ఉండేది; వచ్చిన ప్రతి కాగితానికీ కరెంటు నంబరు (ఆ కాగితాన్ని గుర్తించే వరస సంఖ్య) వేసి, అది ఎటు కదిలిందో, ఎప్పుడు ముగిసిందో అందులో ఎక్కించేవారు. పని ముగిసిన కాగితాన్ని కూడా శాశ్వతంగా భద్రపరచాలా, కొన్నేళ్లు ఉంచి తీసేయాలా అన్నది ముగించిన రోజే తేల్చి కట్ట కట్టేవారు. ఈ-ఆఫీసు వచ్చాక రిజిస్టరు తెర మీదికి మారింది గానీ, వచ్చిన తపాలును వచ్చిన రోజే తెరిచి చూసే క్రమశిక్షణను కంప్యూటరు మనకు ఇవ్వలేదు.

కాబట్టి ఉదయం కూర్చోగానే వచ్చిన కాగితాలను మూడుగా విడదీయాలి: ఈ రోజే ముగించగలిగినవి, మరొకరి నుంచి సమాచారం వస్తే తప్ప సాగనివి, మన సీటుకు సంబంధించనివి. మూడో రకాన్ని ఆ పూటే అసలు సీటుకు చేర్చాలి. మన దగ్గర పదిరోజులు పడి ఉన్న పరాయి కాగితం ఆలస్యానికి బాధ్యత మనదే అవుతుంది. రెండో రకానికి ఎవరిని అడగాలో, ఎప్పటిలోగా అడగాలో అప్పటికప్పుడు రాసుకోవాలి. మొదటి రకం గురించి చెప్పడానికేమీ లేదు, చేసేయడమే.

ఇంటి విషయానికి వస్తే, 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమావళి ప్రతి ఇంటివారూ చెత్తను తడి, పొడి, ప్రమాదకరమైనది అని మూడుగా వేరుచేసి ఇవ్వాలని నిర్దేశించింది. 2021 అక్టోబరు 2న మొదలైన క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమంలో అందుకోసమే తడిచెత్తకు ఆకుపచ్చ, పొడిచెత్తకు నీలం, ప్రమాదకరమైనవాటికి ఎరుపు రంగు బుట్టలు ఇళ్లకు ఇచ్చారు. ఆ బుట్టలు ఎర్రగడ్డలు పోసుకోవడానికీ, బట్టలు నానబెట్టుకోవడానికీ వెళ్లిపోయి ఉంటే వాటిని వెనక్కి తెచ్చుకోవడం ఈ అడుగులో అతి ముఖ్యమైన పని. బుట్టను పెట్టే చోటు కూడా ముఖ్యమే. తడిబుట్ట గట్టు పక్కన ఉండాలి, పొడిది బాల్కనీలోనో మెట్ల కిందో ఉండాలి. రెండింటినీ ఒకేచోట ఆనించి పెడితే చీకట్లో, తొందరలో చేతికి ఏది అందితే అందులో పడుతుంది. శానిటరీ ప్యాడ్లను, డైపర్లను పేపరులో చుట్టి వాటి మీద ఎర్ర స్కెచ్‌తో గుర్తు పెట్టి వేరుగా ఇవ్వాలి.

మూడో అడుగు: తడిచెత్తను గడప దాటనీయకపోవడం

ఈ మొత్తం క్రమంలో ఎక్కువ ఫలితమిచ్చేది ఇదే కనుక కాస్త వివరంగా చూద్దాం. దిబ్బ మీద పెద్ద కుప్పగా పడిన తడిచెత్తకు లోపల గాలి అందదు. గాలి లేకుండా కుళ్లినప్పుడు మీథేన్ పుడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే ఈ వాయువు బొగ్గుపులుసు వాయువు కన్నా పాతిక రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అదే చెత్త ఇంట్లో గాలి ఆడే కుండలో కుళ్లితే ఎరువవుతుంది.

ఇరవై లీటర్లు పట్టే మట్టికుండ గానీ, పాత పెయింటు బకెట్టు గానీ తీసుకోవాలి. అడుగునా పక్కలకూ పెన్సిలు దూరేంత రంధ్రాలు చేసి, రెండు ఇటుకల మీద నిలబెట్టి, కింద ఒక పళ్లెం పెట్టాలి. కడప ఎండలను దృష్టిలో పెట్టుకుంటే చోటు ఎంపికే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో మిద్దె మీద ఎండలో పెట్టిన కుండ రెండు రోజుల్లో ఎండి, కుళ్లవలసిన తొక్కలు వడియాల్లా మిగులుతాయి. ఉత్తరపు గోడ నీడ గానీ, వేపచెట్టు కింద గానీ సరైన చోటు.

కుండ అడుగున రెండంగుళాల మందంగా పొడి సరుకు పరచాలి. ఎండు వేపాకు, కొబ్బరి పీచు దేనికైనా పనికొస్తాయి గానీ, మన వైపు చెనిక్కాయ (వేరుశెనగ) పొట్టుకు సాటి వచ్చేది లేదు. చౌకగా దొరుకుతుంది, గాలి ఆడనిస్తుంది, తేమను పట్టి ఉంచుతుంది. దాని మీద పిడికెడు పాత ఎరువు గానీ, పుల్లటి మజ్జిగలో కలిపిన కొంచెం పేడ గానీ చల్లితే కుళ్లడం త్వరగా మొదలవుతుంది. ఆ తరువాత ప్రతి సాయంత్రం ఆ రోజు తడిచెత్తను చిన్న ముక్కలు చేసి పరచి, అంతే కొలత చెనిక్కాయ పొట్టుతో కనబడకుండా కప్పేయాలి. మూడు నాలుగు రోజులకొకసారి కట్టెతో అడుగు దాకా తిప్పాలి. మిగిలిన సంగటి ముద్దలను అలాగే వేస్తే లోపల గట్టిపడి పుల్లగా వాసన వేస్తాయి కనుక చిదిమి, పొట్టుతో కలిపి వేయాలి. నూనె, ఊరగాయ, ఎముకలు, మాంసం కుండలోకి రాకూడదు. ఆదివారం నాటుకోడి ఎముకలను తడిచెత్త బండికే ఇవ్వాలి. నిమ్మతొక్కలు, చింతపండు పిప్పి కొద్దిగానైతే ఫరవాలేదు.

తేమ సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి గుప్పెడు తీసి పిండి చూడాలి. అరచేయి తడిసి, వేళ్ల సందుల నుంచి చుక్క కారకపోతే బాగున్నట్టు. నీరు కారితే పొట్టు చాలలేదని అర్థం, దుర్వాసనకు కూడా కారణం అదే. చీమలు పట్టాయంటే ఎండిపోయిందని తెలుసుకొని నీళ్లు చిలకరించాలి; ఎండాకాలంలో రెండు రోజులకొకసారి ఇది తప్పదు. చిన్న ఈగలు మూగితే పైపొర పలచబడిందన్నమాట, మరో రెండు దోసిళ్ల పొట్టు వేస్తే పోతాయి. తెల్లపురుగులు కనబడగానే చాలామంది కుండనే పారేస్తారు. అవి ఎరువును పాడుచేయవు. తేమ తగ్గిస్తే వాటంతటవే తగ్గుతాయి.

కుండ నిండాక మూతపెట్టి పక్కన ఉంచి రెండోది మొదలుపెట్టాలి. నెలన్నర, రెండు నెలలకు లోపలిది నల్లబడి, తొలకరికి తడిసిన నేల వాసన వేస్తుంది. జల్లెడ పట్టి, మిగిలిన పెంకులను మళ్లీ కొత్త కుండలో వేయాలి. ఈ ఎరువు ఎవరికివ్వాలన్న సమస్య కడపలో రాదు, గులాబీ కుండీ ఒకటైనా లేని వీధి మన ఊళ్లో అరుదు.

నాలుగో అడుగు: పొడివి, ప్రమాదకరమైనవి

పాల కవరును కత్తిరించేటప్పుడు మూలను పూర్తిగా తెంపేయకుండా అంటి ఉండేలా ఒక గాటు పెట్టాలి. తెగిపడిన ఆ గోరంత ముక్కను ఏ పాతసామాన్ల వ్యాపారీ ఏరుకోలేడు. అది కాలవలోకే పోతుంది. కవరును కడిగి, ఆరబెట్టి, ఇరవై ముప్ఫై కలిపి కట్ట కడితే డబ్బిచ్చి కొనేవారు ఉంటారు. కడగని కవరు రెండో రోజుకే కంపు కొట్టి, తనతోపాటు ఉన్న కాగితాలను కూడా పాడుచేస్తుంది.

పగిలిన గాజును మందపాటి అట్టలో చుట్టి పైన "గాజు" అని రాయాలి. ఇన్సులిన్ సూదులను ఖాళీ ఫినాయిలు సీసాలాంటి గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి బిరడా బిగించాలి. పాదరసం ఉండే ట్యూబులైట్లు, సీఎఫ్ఎల్ బల్బులను పగలగొట్టకుండా, బ్యాటరీలను, గడువు తీరిన మందులను వాటితో కలపకుండా ఎర్రబుట్టలో ఉంచి ఇవ్వాలి. "సార్, ఈ కవర్లో గాజుపెంకులేమన్నా ఉండాయా?" అని బండి మీది అక్క అడగవలసి వచ్చిందంటే మన పని సగంలోనే ఉన్నట్టు.

కాల్చడం గురించి ఒక్క మాట. ఖాళీ స్థలంలో కసువు, కవర్లు కలిపి నిప్పు పెట్టడం మన కాలనీల్లో ఇంకా కనబడుతూనే ఉంది. బహిరంగంగా చెత్త కాల్చేవారికి 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా వేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులోనే ఆదేశించింది.

ఇక మన ఊరి మధ్యగా పారే బుగ్గవంక. 2020 నవంబరులో నివర్ తుపానుకు కడప వీధులు మునిగినప్పుడు ఆ నీరు ప్రధానంగా ఎగువ నుంచి, జలాశయం నుంచి వచ్చింది. దానికి ఇంటింటి చెత్తనే నిందించడం న్యాయం కాదు. కానీ మామూలు వానకే గంటలకొద్దీ నిలిచిపోయే వీధి నీటికి కాలువ నోట్లో ఇరుక్కున్న కవర్లు కారణమని చూసినవారందరికీ తెలుసు. 120 మైక్రాన్లకన్నా పలుచని క్యారీబ్యాగులపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉన్నా అంగట్లో అవి అందుతూనే ఉన్నాయి. నిషేధం అమలు ప్రభుత్వానిది, సంచి తీసుకెళ్లడం మనది.

అయిదో అడుగు: ఫైలును పూర్తిగా అప్పగించడం

చెన్నూరు మండలం నుంచి వచ్చిన రైతు ఒకరు తన పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పుగా పడిందని సోమవారం అర్జీ ఇచ్చాడనుకుందాం. "మీ అర్జీ తగు చర్య నిమిత్తం సంబంధిత అధికారికి పంపడమైనది" అని ఎండార్సుమెంటు ఇస్తే అర్జీ మన తెర మీద నుంచి పోతుంది, రైతు మాత్రం మళ్లీ సోమవారం బస్సెక్కుతాడు. దానికి బదులు ఇలా రాయవచ్చు: "మీ అర్జీని మండల సర్వేయరుకు ఫలానా తేదీన పంపాము. కొలతకు ఫలానా రోజు వస్తారు. ఆ రోజు పాత పాసుపుస్తకం సిద్ధంగా ఉంచుకొని, పక్క పొలాలవారికి ముందే చెప్పి ఉంచండి. ఫలానా తేదీలోగా నోటీసు అందకపోతే ఈ నంబరు చూపి మా సెక్షనులో అడగండి." దీనికి పట్టే సమయం అయిదు నిమిషాలు ఎక్కువ, అంతే. రాసేముందు సర్వేయరుకు ఫోను చేసి తేదీ ఖాయం చేసుకోవాలి. అసలు పని ఆ ఫోనే.

ఫైలు పైకి పంపేముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పేజీలకు వరస నంబర్లు ఉన్నాయా, పాత ఉత్తర్వులున్న చోట ఫ్లాగు (గుర్తు చీటీ) కట్టామా, నోటు చివరి పేరాలో ఏ నిర్ణయం కోరుతున్నామో స్పష్టంగా ఉందా అన్నవి సరిచూసుకోవాలి. "ఉత్తర్వులకై సమర్పించడమైనది" అని మాత్రమే ముగిసే నోటు అధికారి మీద మన పని వేస్తుంది. ఉన్న మార్గాలేవి, వాటిలో మనం సూచించేది ఏది, ఏ నిబంధన ప్రకారం అన్నది రాస్తే, ఒప్పుకోవడమో కాదనడమో ఆయన వంతు అవుతుంది. ప్రొద్దుటూరు బంగారు అంగట్లో పనిచేసేవారికి ఈ సంగతి ఎవరూ నేర్పనక్కరలేదు. తూకం, బిల్లు, నగదు మూడూ కలిస్తేనే ఆ రోజు లెక్క మూసినట్టు.

గడువుల విషయంలో సొంత తేదీ ఒకటి ముందుగా పెట్టుకోవాలి. సమాచార హక్కు దరఖాస్తుకు చట్టం 30 రోజులు ఇస్తే, మన పుస్తకంలో ఇరవయ్యో రోజు రాసుకోవాలి. ఆ తేదీకి పని కాదని తెలిసిన వెంటనే పై అధికారికి చెప్పాలి. గడువు నాడు సాయంత్రం చెబితే ఆయన చేయగలిగింది కోప్పడటమే.

పొరపాటు జరిగినప్పుడు ఏం జరిగిందో, దానివల్ల ఎవరికి ఇబ్బందో, సరిచేయడానికి ఇప్పటికే ఏం చేశామో, ఇంకా ఎవరి సాయం కావాలో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. పని ఒత్తిడి గురించిన వివరణ అందులో కలపకూడదు. అది నిజమే అయినా వేరే రోజు, వేరే మాటగా చెప్పాలి. నెలాఖరున నోటుపుస్తకం పట్టుకొని సూపరింటెండెంటు దగ్గరకు వెళ్లి, "సార్, నా నుంచి వచ్చే ఫైళ్లలో మీరు ప్రతిసారీ దిద్దేది ఏమిటి?" అని అడగడం ఏ వార్షిక నివేదిక కన్నా ఎక్కువ నేర్పుతుంది.

ఆరో అడుగు: ఇంట్లో ఎవరి వంతు ఏది

చాలా ఇళ్లలో చెత్త పని అమ్మదో, ఇల్లాలిదో, పనిమనిషిదో అయిపోయింది. మగవాళ్లు బాధ్యత గురించి బాగా మాట్లాడతారు, బుట్ట మాత్రం ముట్టరు. కుండ తిప్పడం, ఎర్రబుట్ట చూడటం, పొద్దున బండికి అందించడం ఈ మూడింటినీ పేర్లు రాసి పంచుకోవాలి. పిల్లలకు పాల కవర్ల కట్ట అప్పగించి, అమ్మగా వచ్చిన డబ్బు వారికే ఇస్తే ఆ పని ఎవరూ గుర్తుచేయకుండానే సాగుతుంది. పనిమనిషికి చెప్పేటప్పుడు ఆజ్ఞలా కాకుండా ఏ బుట్టలో ఏది వేయాలో ఒకసారి చేసి చూపించాలి.

ఏడో అడుగు: మన హద్దు ఎక్కడ

"మేం వేరుచేసి ఇచ్చినా బండిలో అన్నీ కలిపేస్తున్నారు" అన్న ఫిర్యాదు ఎక్కడైనా వినబడుతుంది, కొన్నిచోట్ల అది నిజం కూడా. దీనికి సమాధానం మూడో అడుగులోనే ఉంది. తడిచెత్త మన కుండలోనే ఉండిపోతే బండిలో ఎవరు ఏం కలిపినా మన వాటా పొడిగానే ఉంటుంది. అయినా కలపడం ఆగకపోతే వార్డు సచివాలయంలో పారిశుద్ధ్య, పర్యావరణ కార్యదర్శికి తేదీ, వీధి పేరు, సమయం రాసి ఇవ్వాలి. బండి మీదివారితో తగవు పడటం వల్ల లాభం లేదు. బండిలో అరలు పెట్టించే అధికారం వారికి లేదు. 2025 జనవరి 18న మన జిల్లాలోని మైదుకూరులో ప్రారంభమైన స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ప్రతి నెలా మూడో శనివారం జరుగుతుంది. అధికారులు వీధిలోకి వచ్చే ఆ రోజున ఫొటోకు నిలబడటంతో సరిపెట్టుకోకుండా ఈ కాగితం చేతికివ్వడం మేలు.

ఆఫీసులోనూ అంతే. మొదటి వారం నోటుపుస్తకంలో వదిలిన ఖాళీలను ఇప్పుడు తీయాలి. ఇద్దరి పని ఒకే సీటు మీద పడటం, పై బల్ల మీద నెలల తరబడి ఫైలు కదలకపోవడం, సర్వరు పనిచేయకపోవడం మన తప్పులు కావు. వాటిని మోస్తూ మౌనంగా ఉండటాన్ని బాధ్యత అనుకోవడం పొరపాటు. ఎప్పటి నుంచి ఆగిందో, ఎన్నిసార్లు గుర్తుచేశామో తేదీలతో నోటులో పెట్టి రాతపూర్వకంగా తెలియజేయాలి. నోటి మాట రేపు ఎవరికీ గుర్తుండదు.

సెలవుకు వెళ్లేటప్పుడు

పెళ్లికో తిరుమలకో వారం పదిరోజులు ఊరు వెళ్లవలసి వస్తే, పక్క సీటువారికి అప్పగించే కాగితంలో పెండింగు ఫైళ్ల సంఖ్య మాత్రమే రాయడం మామూలు. దాని వల్ల వారికి ఉపయోగం లేదు. ఈ వారంలో గడువు తీరేవి ఏవి, వాటి ముసాయిదా ఎక్కడుంది, ఎవరు ఫోను చేయవచ్చు, చేస్తే ఏం చెప్పాలి అన్న నాలుగు సంగతులు రాసిపెట్టాలి. ఇంట్లో కుండను అడుగు దాకా తిప్పి, నీళ్లు చిలకరించి, పైన మూడంగుళాల చెనిక్కాయ పొట్టు పరచి, తడిపిన గోనెపట్టా కప్పితే పదిరోజులు ఎవరూ చూడకపోయినా చెడదు. ఎర్రబుట్టను ఖాళీ చేసి వెళ్లాలి. తిరిగొచ్చిన రోజు ఆఫీసులో కొత్త తపాలు తెరవడానికి ముందు, మనం లేనప్పుడు పక్క సీటువారు మన బదులు ఏయే జవాబులు పంపారో అడిగి తెలుసుకొని, వాటి వివరాలు మన పుస్తకంలో ఎక్కించుకోవాలి.